బుద్ధి పక్షాన సీతాదేవి

మొన్న ఉగాదికి మా పెరంబూరు అపార్ట్‌మెంటులో జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు. అయితే ముందు సీతాదేవి ఎవరో చెప్పాలి. లేకపోతే మీకు సగమే అర్థమవుతుంది.

సీతాదేవి సౌకార్‌పేటలో పుట్టింది. తాతల నాటి నుంచి వాళ్లు మదరాసు తెలుగువాళ్లే. లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. చిన్నప్పటి నుంచీ నా స్నేహితురాలు, ఇప్పుడు పక్క ఫ్లాటు. ఏ పనికైనా ముందు కారణం కావాలి ఆమెకు. టి. నగర్‌లో నెమలికంఠం రంగు చీర కనబడితే నా మనసు అక్కడే జారిపోతుంది. ఆమె మాత్రం చీర తిరగేసి, అంచు లాగి చూసి, "ఇది ఎన్ని ఉతుకులకు ఆగుతాది?" అని కొట్టువాణ్ణి నిలదీస్తుంది. పెళ్లి కూడా అలాగే చేసుకుంది. ఆ సంబంధానికి ఎందుకు ఒప్పుకున్నావే అని అడిగితే, "మనిషి మంచోడు. ఆయన ఇంటికాడి నుంచి మా బడికి ఒకటే బస్సు" అంది.

కొడుకు శ్రీకుమార్ కాలేజీలో ఉండగా ఆ మంచివాడు గుండెపోటుతో పోయాడు. నెల తిరక్కుండానే ఆమె బడికి వెళ్లింది. పిల్లలకు పరీక్షలు ఉండాయి గదా అంది. రాతిగుండె అన్నారు జనం. వాళ్ల నోళ్లు పడిపోను! కుళాయి తిప్పేసి, ఆ చప్పుడులో ఆమె ఏడ్చిన ఏడుపు విన్నది నేను.

ఇక ఆనందరావు. మా మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. రైల్వేలో గుమాస్తాగా చేశాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. నోట్లో నాలుక లేని మనిషి, ఒక్క పట్టిమండ్రంలో తప్ప.

పట్టిమండ్రం అంటే ఈ ఊరి తమిళుల వాదపోటీ. అటొక పక్షం, ఇటొక పక్షం, మధ్యలో తీర్పు చెప్పే నడువర్. పండగంటే అది ఉండి తీరాలి. మేము దాన్నే తెలుగులో పెట్టుకుంటాం. ఏటా సీతాదేవి ఒకవైపు, రావు రెండోవైపు. ఏటా ఆమె చేతిలో ఓడిపోయి, సంతోషంగా ఆమెకే మిరపకాయ బజ్జీలు కొనిపెడతాడు. అంత సంతోషంగా ఓడిపోయే మగాణ్ణి నేనెక్కడా చూడలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

అనుకున్నంతా అయింది. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు ఈమె డాబా మీదికి వెళ్తుంటే లిఫ్టులో, ఉన్నట్టుండి, మనం పెళ్లి చేసుకుందామా అని అడిగేశాడు. ఆలోచించి చెప్తానంది ఈమె. ఆలోచించింది, ఆలోచించింది, ఇంకా ఆలోచిస్తూనే ఉంది! కొడుకేమో, "నీకు సంతోషమైతే నాకూ సంతోషమే అమ్మా" అని కోయంబత్తూరు నుంచి ఫోన్లో చెప్పేశాడు. మరి ఏమిటే నీ రోగం అని తిట్టాను.

"మనసు చెప్పిందని నేను ఇంతవరకూ ఏ పనీ చేయలేదు వరదా. రొంబ భయంగా ఉండాది" అంది.

అవతల రావు నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు: "ఉగాది అయినాక ఫ్లాటు ఖాళీ చేసి నెల్లూరు పోతానమ్మా, మా తమ్ముడి కాడికి. జవాబు రాకుండా ఈడనే ఉండి రోజూ ఆమెను చూస్తా ఉండటం నా వల్ల కాదు."

ఇంక నేను ఊరుకుంటానా? ఈ ఏడు నడువర్‌ని నేనే. విషయం పెట్టిందీ నేనే: మనిషి బతుక్కి ప్రేమ ముఖ్యమా, బుద్ధి ముఖ్యమా? ఎంత గొప్ప నడువర్ అయినా చివరికి రెండూ కావాలని గోడ మీది పిల్లిలా తీర్పు చెప్పడం ఆనవాయితీ. ఈసారి మాత్రం తాడో పేడో తేలాల్సిందే అనుకున్నాను.

ఉగాది పొద్దున హాలు కిటకిటలాడింది. ప్రేమ పక్షాన ముందు రావు లేచాడు. కాగితం తీశాడు, మడిచి జేబులో పెట్టేశాడు.

"మా ఆవిడకి జబ్బు చేసినప్పుడు, ఇంక లాభం లేదని డాక్టరు చెప్పేసినాడు. అయినా రోజూ ఆమెకు తల దువ్వి జడ వేసినాను. లాభం లేదని తెలిసే వేసినాను. ఎందుకని అడిగితే నా కాడ జవాబు లేదు. అంతే."

కూర్చున్నాడు. హాల్లో ముక్కులు చీదిన చప్పుడు.

సీతాదేవి కొంగు సర్దుకుని లేచింది. "రావుగారు ఏడిపించినారు. నేను ఏడిపించను" అంది. అందరూ నవ్వారు. "ప్రేమ గుడ్డిదంటారు. కళ్లు మూసుకుని మౌంట్ రోడ్డు దాటేవాళ్లు ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండి!" చప్పట్లు! ఒక్కో మాటా సూటిగా తగులుతోంది. ఉన్నట్టుండి గొంతు తగ్గించింది.

"ఒక ఉదాహరణ చెప్తా. ఒకే మేడలో ఒక ఆడమనిషి, ఒక మొగమనిషి. ఇద్దరూ పెద్దవాళ్లే."

ఆడవాళ్లంతా చెవులు నిక్కబొడుచుకున్నారు. నేను కుర్చీ అంచుకు జరిగాను.

"ఆమెకు సూదిలో దారం ఎక్కదు. ఆయనకు వంట రాదు. వానాకాలం ఆమె కింది ఇంట్లోకి నీళ్లొస్తాయి, ఆయన పైన ఉండాడు. ఒక్క మనిషికి కుక్కర్ పెట్టాలంటే ఇద్దరికీ విసుగే. ఈ ఇద్దరూ ఒక ఇంట్లో ఉండటం బుద్ధిగల పని. దీంట్లో ప్రేమకు పనేమీ లేదు. కాబట్టి బుద్ధి ప్రకారం ఆమె జవాబు, సరే!"

హాలు దద్దరిల్లింది! ఈలలు, కేకలు! నేను నడువర్‌నన్న సంగతి మరిచి కుర్చీలోంచి లేచి గంతేశాను.

రావు మాత్రం నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. "నడువర్‌గారూ, నేను ఒప్పుకోను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వడ్డించిన విస్తరిని కాలదన్నుకుంటున్నాడేమిటి ఈ పిచ్చి మనిషి!

"టీచరమ్మగారు చెప్పిన కారణాలన్నీ నిజమే" అన్నాడు. "రేపు అద్దాలు మారిస్తే సూదిలో దారం ఎక్కుతాది. నేను వంట నేర్చుకుంటాను. కార్పొరేషనోళ్లు కాలవ బాగుచేస్తారు. కారణాలన్నీ పోతాయి. అప్పుడు నేనూ పోవాలా?"

సీతాదేవి మైకు బల్ల మీద పెట్టేసింది. అయినా ఆమె మాట వెనక వరుస దాకా వినబడింది.

"లిఫ్టులో మీరు అడిగినారే, లిఫ్టు మూడో అంతస్తు చేరకముందే మనసులో సరే అనేసినా. కారణాలు ఆ తరవాత వెతుక్కున్నవి."

"మరి ఇన్నాళ్లూ?"

"మీకు వంట రాదు, నాకు దారం ఎక్కదు అంటే సరిపోతాదా? మిమ్మల్ని చూడకపోతే నాకు పొద్దు పోదు అనేదానికి మాత్రం ఎంత వెతికినా కారణం దొరకలేదు" అని, కళ్లు తుడుచుకుంటూ బెంచీ మీద కూర్చుని, పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది.