పొగ గురించి నేనన్న మాట

నేను తిరుపతిలోని ఒక ల్యాబులో మాయ మీద పరిశోధన చేస్తున్న రోజులవి. కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డకు తల్లి రక్తం నుంచి ఆక్సిజన్, పోషకాలు అందించి, కాన్పయ్యాక బయటపడేదే మాయ. తల్లుల అనుమతితో ఆస్పత్రి నుంచి దాన్ని ఐసు పెట్టెలో తెచ్చి, కణాలు వేరుచేసి, చిన్న పళ్ళేల్లో పెంచేదాన్ని. ఆక్సిజన్ మామూలుగా అందితే ఆ కణాలు రెండు మూడు రోజుల్లో ఒకదానితో ఒకటి కలిసిపోయి పొరలా మారేవి. తగ్గిస్తే చాలావరకు విడివిడిగానే మిగిలేవి. పళ్ళెం అడుగున వేసే పూత మార్చినా వాటి తీరు మారేది. రోజంతా మైక్రోస్కోపులో అదే చూసేదాన్ని. కళ్ళు మూసుకున్నా అవే కనిపించేవి.

అప్పుడు పులివెందులలో మా చెల్లెలికి ఏడో నెల. స్కానింగులో బిడ్డ నెలలకు తగ్గట్టు పెరగలేదని, మాయకు రక్తం సరిగా అందడం లేదని చెప్పారట. బయటికి వస్తూనే నాకు ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు సదివేది దీని గురించే గదా. ఎందుకిట్లయితాందో చెప్పు."

"ఇంట్లో పొగ తగులుతాందా నీకు?"

"అత్త రొట్టెల పొయ్యి ఉండాది గదా. దినామూ ఆడనే కూచ్చుంటా."

వాళ్ళత్త జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది. భర్త పోయాక ఒక్కగానొక్క కొడుకును ఆ కట్టెల పొయ్యి దగ్గర కూర్చునే పెంచింది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా గబుక్కున అనేశాను.

"ఇంకేం? ఆ పొగే నీ బిడ్డకు ఆక్సిజన్ అందకుండా చేస్తాంది."

కావచ్చు అనలేదు. ఏమో అనలేదు.

రెండో రోజు జమ్మలమడుగు నుంచి అమ్మ ఫోన్. "ఏం జెప్పినావే దానికి? అది పోయి అత్త మొగానే అనేసిందంట. ఆయమ్మ గడ్డపార తెచ్చి పొయ్యి పగలగొట్టింది. ఇద్దరికీ మాటల్లేవు."

ఆ తర్వాత నాకు పని సాగలేదు. ఒక పళ్ళెంలో పోయాల్సింది ఇంకోదాంట్లో పోసి వారం పని పాడుచేశాను. ఫోన్ తీయడం, పెట్టడం. చెల్లెలికి చేస్తే "ఏం లేదులే అక్కా" అనేది. అత్తకు చేయడానికి ధైర్యం చాలలేదు. ఇంతలో బిడ్డ కదలికలు తగ్గాయని చెల్లెల్ని ప్రొద్దుటూరు ఆస్పత్రిలో చేర్చారు. దొరికిన బస్సెక్కాను. కడపలో బస్సు మారాలి. అది వచ్చేదాకా కూర్చోలేక స్టాండు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాను.

ప్రొద్దుటూరులో డాక్టరమ్మను ముందు అదే అడిగాను. పొగ వల్లేనా అని.

"పొగ మంచిది కాదు, దూరంగా ఉండమనే చెప్తా. కానీ ఈమెకు దానివల్లే అని ఎట్లా అంటాను? మొదటి నెలల్లో మాయ కణాలు లోపలికి చొచ్చుకుపోయి తల్లి రక్తనాళాలను వెడల్పు చేయాలి. ఈమెకు అది సరిగా జరిగినట్టు లేదు. ఎందుకో నాకు తెలియదు. మీకు తెలుసా?"

తెలియదన్నాను.

ఆ మధ్యాహ్నమే బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోందని ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత. ఒక్కసారి సన్నగా ఏడ్చింది. వెంటనే వేరే గదికి తీసుకుపోయారు.

కాసేపటికి నర్సు ట్రేలో మాయను తెచ్చి చూపించింది. చిన్నది. అంచుల్లో గట్టిపడిన తెల్లటి మచ్చలు. ఎన్నో మాయలను చేతుల్లోకి తీసుకున్నదాన్ని, దీన్ని తాకలేకపోయాను. చెల్లెలి అత్త నా పక్కకు వచ్చి వంగి చూసింది.

"పాపా, దీంట్లో పొగ కనపడతాందా?"

"లేదత్తా. చూస్తే తెలిసేది కాదు."

"మరి యాడో తిరపతిలో కూచ్చోని నీకెట్ల తెలిసె?"

"తెలీకుండానే చెప్పినానత్తా, నాదే తప్పు" అన్నాను. ఆమె వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. చెల్లెలికి తెలివి రాగానే అదే మాట దానికీ చెప్పాను. అది గోడవైపు తిరిగింది.

కొన్నాళ్ళకు బిడ్డ కుదుటపడింది. ఇక వెచ్చదనం కోసం ఒంటికి ఒళ్ళు తగిలేలా ఎదమీద పడుకోబెట్టుకోమన్నారు. చెల్లెలు కుట్ల నొప్పికి ఎక్కువసేపు కూర్చోలేకపోయేది. వాళ్ళత్త ముందుకొచ్చింది. రవిక విప్పి, బిడ్డను ఎదకు ఆనించుకుని, పైట కప్పి కూర్చునేది. గంటలు గడిచినా కదిలేది కాదు. నేను నీళ్ళిస్తే తాగేది, మాట్లాడేది కాదు.

మూడో రోజు చెల్లెలు మంచం మీద నుంచి చాలాసేపు అటే చూసింది.

"అత్తా, కాళ్ళు తిమ్మిరెక్కింటాయి. ఇట్లియ్యి, కాసేపు నేను పండుకోబెట్టుకుంటా."

"ఉండనీలే మ్మే. ఇప్పుడే కండ్లు మూసింది."

అంతే. మళ్ళీ మాటలు మొదలయ్యాయి. నేను లేచి వరండాలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

చెల్లెలి అత్త ఇప్పుడు గ్యాసు మీద రొట్టెలు కాలుస్తోంది. మునుపటి రుచి లేదని కొనేవాళ్ళంటే, "కట్టెలవే కావాలంటే ఇంగోసోట కొనుక్కో పో" అంటుందట. నాతో ఈ మధ్యే మాట్లాడుతోంది, అదీ పొడిపొడిగా.

పిల్లకు పళ్ళొస్తున్నాయి. పోయిన నెల పులివెందుల పోయి, రమ్మని చేతులు చాచాను. నన్ను ఎగాదిగా చూసి, మూతి బిగించి, గిరుక్కున తిరిగి వాళ్ళవ్వ మెడ కరుచుకుంది.