నియోజకవర్గానికో పేజీ

కోరుట్ల బస్సెక్కేటప్పుడు నా చేతిసంచిలో పదకొండు కార్డులున్నాయి. అంతకు ముందు వందల కార్డులు రాశాను గానీ, అవన్నీ ఇంకొకరి మాటలు. ఈ పదకొండూ నావి.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. జగిత్యాలలో ఉండే ఒక రిటైర్డు హెడ్మాస్టరు మా ప్రాంతానికి చిన్న విజ్ఞాన సర్వస్వం తేవాలని పూనుకున్నారు. ఊళ్లు, వాగులు, కోటలు, పంటలు, చేతిపనులు, ఒక్కోదానికి ఒక్కో వ్యాసం. అందరూ ఆయన్ని పెద్దసారు అనేవాళ్లు. సిరిసిల్ల గ్రంథాలయంలో నా దస్తూరి చూసి, చిత్తు కాగితాలను కార్డుల మీద సాఫుగా రాసే పని నాకిచ్చారు. పోస్టులో వచ్చేవి, పోస్టులో పంపేదాన్ని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని. నాకంతకన్నా ఏం కావాలి?

'న' అక్షరం దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాను. నాగలి ఉంది. దాని తర్వాత నువ్వులు ఉన్నాయి. మధ్యలో నియోజకవర్గం లేదు. వెతికాను, ఎక్కడా లేదు. మా నియోజకవర్గానికీ, పక్కవాటికీ ఒక్క కార్డు లేదు. ఎన్నికలొస్తే ఊరూరా మైకులు మోగుతాయి, గోడల మీద ఒక చోట ఓటు వెయ్యండనీ, ఇంకో చోట నక్సలైట్లు ఎర్ర అక్షరాల్లో వెయ్యొద్దనీ రాస్తారు. ఇంత గొడవ దేనిమీద జరుగుతుందో దానికే పుస్తకంలో చోటు లేదు. ధైర్యం చేసి ఉత్తరం రాశాను. జవాబు కార్డు మీద రెండు ముక్కలు: "రాసి చూపించు. నెలాఖరుకు కోరుట్లలో కూర్చుంటున్నం. ఉంచాలో వద్దో అక్కడ తేలుస్తం."

'రాసి చూపించు' అన్న మాటను డైరీలో ఒక పేజీ నిండా పెద్దక్షరాలతో రాసుకున్నాను.

ఊళ్ల జాబితా కావాలి. అమ్మ, పక్కింటి చిన్నమ్మ, ఇంకో ఇద్దరు మా వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే వెళ్లి కూర్చున్నాను. లోపల నాన్న నడిపే సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడుకి కొంచెం గట్టిగానే అడగాల్సి వచ్చింది.

"మన దాంట్ల ఏయే ఊర్లున్నయే అమ్మా? ఎలక్షన్లకు."

"ఏందే, నిలవడుతున్నవా?" అంది చిన్నమ్మ. "ఇంట్లనే నోట్లకెళ్లి మాటెల్లదు, మైకుల ఏం మాట్లాడుతవే పోరీ?"

అందరూ నవ్వారు, చేతులు మాత్రం ఆగలేదు. తర్వాత ఒక్కొక్కరూ పేర్లు చెబుతుంటే రాసుకున్నాను.

"వాగవతల రెండూర్లు గూడ రాస్కో," అంది చిన్నమ్మ. "గాల్లు మనోల్లే. బీడీలు మన కార్ఖానకే తెస్తరు."

"ఎలక్షన్ల జీపు మాత్రం వాగు దాటది," అంది అమ్మ. "వాగొడ్డు దాంక అచ్చి, మైకు బందు వెట్టి మర్లిపోతది."

"వాగవతలోల్లకు దండం వెడితే పున్నెం రాదు గావచ్చు!" అంది చిన్నమ్మ.

ఆ మాటకు నేనూ నవ్వాను. బాగుందని డైరీలో రాసుకున్నాను. కార్డు మీద మాత్రం ఆ రెండూళ్ల పేర్లే ఎక్కించాను.

చిన్నమ్మ గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పింది. "మా తల్లిగారూర్ల పోయినసారి ఓట్ల డబ్బా అల్కగ అచ్చింది, అల్కగనే పోయింది. ఎవ్వలు పోలే." దాన్ని పదకొండో కార్డు మీద ఒకే వాక్యంగా రాశాను.

బస్సు చందుర్తి దాటాక పోలీసులు ఆపారు. ఆ రోజుల్లో అది మామూలే. మగవాళ్లందరినీ దింపారు. ఒక కానిస్టేబుల్ నా సంచి తెరిచి కార్డులు తీశాడు. ఊళ్ల పేర్లు, నేను చేత్తో గీసిన హద్దు గీతలు.

"ఏందివి?"

"విజ్ఞాన సర్వస్వం సార్."

"అదేం పార్టీ?"

నేను జవాబు వెతుక్కునేలోపే వెనక సీటులో ముసలామె అందుకుంది: "పుస్తకం సారూ! పిల్లను జూస్తె తెలుస్తలేదా? గట్టిగ తుమ్మనన్న తుమ్మది."

కానిస్టేబుల్ మొదటి కార్డు పూర్తిగా చదివి తిరిగిచ్చేశాడు. "నియోజకవర్గమంటే ఏందో అందరికెర్కనేనాయె. దీని మీద రాసుడెందుకు?" అన్నాడు.

బస్సు కదిలాక ఆ కార్డు మళ్లీ తీసి చూసుకున్నాను. నాలో భయం సగమే. నేను రాసిన పేజీని మొదటిసారి ఒక మనిషి చివరిదాకా చదివాడు!

కోరుట్ల గ్రంథాలయం వెనక గదిలో ముగ్గురున్నారు: పెద్దసారు, కాలేజీ లెక్చరరు, గ్రంథపాలకుడు. లెక్చరరు ముందే చెప్పేశారు.

"వాగుంటది, ఊరుంటది. నియోజకవర్గం ఏడుంటదండి? ఆఫీసుల కూసోని గీసిన గీత. రేపు చెరిపి ఇంకో తీరు గీస్తరు. గెలిచినాయన మీద రాస్తే అయిపాయె."

"గెలిచినాయన ఐదేండ్లకు పోతడు, నియోజకవర్గం ఉంటది గద సార్?" అన్నాడు గ్రంథపాలకుడు. "మా దగ్గరికచ్చి అడిగేటోల్లున్నరు."

లెక్చరరు కార్డులు తిరగేస్తూ ఆగారు. "ఈ రెండూర్లు మీ దాంట్ల లేవు. ఇవి పక్క దాంట్లయి. జాబితనే తప్పు. ఇగ దీన్నేమేద్దాం?"

పెద్దసారు కళ్లజోడు తీశారు. "అయితే పక్కకు వెడదామా?" అన్నారు నెమ్మదిగా.

పక్కకు పెడితే నేను మళ్లీ ఇంకొకరి మాటలే సాఫు చేస్తూ ఉంటాను. తప్పెక్కడ జరిగిందో అప్పుడే తట్టింది. 'మన దాంట్ల' అని నేనడిగాను. వాళ్లు బీడీలిచ్చే కార్ఖానాను బట్టి చెప్పారు.

"సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తప్పు నాది. కార్ఖాన లెక్క రాసిన. కని మా అమ్మకు హద్దు ఎర్కనే సార్. జీపు వాగు కాడ మైకు బందు వెట్టి మర్లిపోతదని చెప్పింది. నేనే రాయలే. కార్ఖానకు గా ఊర్లు మనయి, ఓటుకు కావు. ఒక్క వాగు, రెండు లెక్కలు. గీత ఆఫీసులనే ఉంటె, మైకు గాడనే ఎందుకు బందయితది సార్?"

నా జీవితంలో అంత పొడుగు మాట అంతకు ముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

లెక్చరరు ఆ రెండూళ్ల కార్డు పక్కన పెట్టారు. తర్వాత పదకొండో కార్డు ఎత్తి చూపించారు. "ఇది అచ్చయితె అటోల్లు ఊకోరు, ఇటోల్లు ఊకోరు. మనకెందుకొచ్చిన తంట?"

పెద్దసారు ఆ వాక్యాన్ని పైకి చదివారు: "కొన్ని ఊళ్ల నుంచి డబ్బాలు తేలికగా తిరిగి వచ్చిన ఎన్నికలూ ఉన్నాయి." మళ్లీ ఒకసారి తనలో తాను చదువుకున్నారు. "ఎవలనూ మెచ్చుకోలే, తిట్టలే. అయింది రాసింది. ఉండనీయండి. ఇగ వ్యాసం సంగతి చేతులెత్తి చెప్పుండ్రి."

గ్రంథపాలకుడు ఎత్తాడు. లెక్చరరు ఎత్తలేదు. పెద్దసారు తాను ఎటూ చెప్పనంటూ నా వైపు చూశారు.

"నువ్వు గూడ ఉన్నవ్ గదా బిడ్డా."

"నాకింకా ఇరవై ఒకటి నిండలే సార్," అన్నాను. అప్పట్లో ఓటుకు అంత వయసుండాలి.

అందరికంటే గట్టిగా లెక్చరరే నవ్వారు. "ఎత్తవమ్మా, ఇక్కడ వేలికి సిరా పుయ్యరు!"

చెయ్యెత్తాను. రెండు చేతులతో వ్యాసం నిలిచింది.

"అయితే ఒకటి," అన్నారు పెద్దసారు. "జాబిత మల్ల చెయ్యాలె. గిది పోస్టుల అయ్యే పని గాదు. ప్రతి ఊరికి నువ్వే పోయి, నీ నోటితోని అడగాలె. మూడు నియోజకవర్గాలు. పోతవా?"

ఆలోచించకముందే "పోత సార్" అనేశాను. ఆయన నూరు ఖాళీ కార్డులు లెక్కపెట్టి నా ముందుకు జరిపారు.

మొదట ఎల్లంతకుంట దిక్కు వెళ్లాలనుకున్నాను. కొత్త మనిషిని ఏమని పలకరించాలి, మొదటి ప్రశ్న ఏది, రెండోది ఏది అని తిరుగు బస్సులో కడ్డీకి ఆనుకుని నిలబడే రాసుకున్నాను. వేములవాడలో సగం బస్సు ఖాళీ అయింది. కండక్టరు రెండుసార్లు కూర్చోమన్నా, సిరిసిల్ల వచ్చేదాకా నేను కూర్చోలేదు.