తేలుకు కట్టిన కట్టు

అబద్ధం ఎంత దూరం పోతుందో నాకు బాగా తెలుసు. నేనాడినది కర్నూలులో బస్సెక్కి, కడపలో కాసేపు ఆగి, బద్వేలులో దిగి, అక్కడే కాపురం పెట్టేసింది. దాని పుణ్యాన నా పెళ్లి తప్పిపోవాల్సింది. ఎలా తప్పిపోలేదో చెప్తాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లో అందరూ నవ్వగా మిగిలిందే మీకు పెడుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కర్నూలులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. వారమంతా హాస్టల్లో ఉండి శనివారం సాయంత్రానికి కడపలో మా ఇంటికి వచ్చేదాన్ని. బద్వేలు సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు శివ. నిశ్చితార్థం అయిపోయింది, పెళ్లికి రెండు నెలలుంది.

ఆ సమయంలో, ఏ దిక్కుమాలిన గడియలోనో, మా జేజి చేతిమీదున్న పచ్చబొట్టు మీద నాకు మనసైంది. జేజి అంటే మా నాన్నకు అమ్మ. ఆమె ఎడమ ముంజేతి మీద పచ్చగా ఒక తేలుంటుంది. చిన్నప్పుడు ఆ తేలుమీద వేలు పెట్టుకునే నిద్రపోయేదాన్ని. పెళ్లయి పోతున్నాను కదా, ఆ తేలును నాతో తీసుకుపోదామనుకున్నాను. మా బడిలో ఒక టీచరుకు సీతాకోకచిలుక, ఇంకో టీచరుకు గుండె బొమ్మ ఉన్నాయి. వాటి ముందు నా తేలు వంశపారంపర్యంగా వచ్చిన ఆస్తిలాగా నిలబడుతుందని లోపల గర్వం కూడా ఉంది.

జేజి నిద్రపోతున్నప్పుడు ఆమె చేతిని ఫోన్లో ఫోటో తీశాను. కర్నూలులో టాటూలు వేసే కుర్రాడికి చూపిస్తే, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇది తేలేనా అక్కా?" అన్నాడు.

"తేలే."

"సరిగ్గా కనపడల్యా. నేను బాగు చేసి వేస్తాలే."

బాగా వేశాడు. డెక్కలు రెండూ విచ్చి, కొండి పైకి లేపి, ఇప్పుడో ఇంకాసేపటికో కుట్టేటట్టు వేశాడు. నేను పళ్లు బిగబట్టి కూర్చున్నాను.

శనివారం ఇంటికి రాగానే జేజిని గదిలోకి పిలిచి, తలుపు మూసి, చెయ్యి చాపాను.

"ఏందే ఇది?"

"నీదే జేజీ. నీ తేలు."

జేజి కళ్లద్దాలు పెట్టుకుని నా చెయ్యి చూసింది. తర్వాత తన చెయ్యి చూసుకుంది.

"నాకు తేలు యాడిది? ఇది నెమిలి గదే."

"నెమలా?"

"పదేండ్ల పిల్లప్పుడు పొడిపిచ్చిరి. చర్మం ముడతలు పడి, తోక ముడుచుకుని పైకి లేసింది. కాళ్లు డెక్కల మాదిరి అయిపాయ. నువ్వు అడిగింటే చెప్పింటా గదా."

అడగలేదు. ఇరవై నాలుగేళ్లు ఆ నెమలిని తేలనుకున్నాను గానీ, ఒక్కసారి కూడా అడగలేదు. లెక్కల టీచర్ని.

నెమలయినా ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. పెళ్లికూతురి చేతిమీద తేలంటే ఏం చెప్పుకోను? పైగా టాటూల గురించి మా అమ్మ అభిప్రాయం నాకు తెలుసు. బద్వేలులో పెళ్లివారి ఇల్లు చూసి వస్తుంటే బస్సులో మెడమీద పాము బొమ్మ ఉన్న ఒక కుర్రాడు లేచి అమ్మకు సీటిచ్చాడు. అమ్మ కూర్చుంది. కూర్చుని, బ్యాగును రెండు చేతులతో పొట్టకు అదుముకుని, "సీటిచ్చి మనల్ని నమ్మిస్తాండాడు, జాగ్రత్తగా ఉండు" అని నా చెవిలో చెప్పింది. ఆ కుర్రాడు మైదుకూరులో దిగిపోయాక కూడా అమ్మ బ్యాగు వదల్లేదు.

అందుకని, జేజి వద్దంటున్నా వినకుండా, మణికట్టు నుంచి మోచేతి దాకా గుడ్డ కట్టుకుని బయటికొచ్చాను.

"ఏమాయనే?" అంది అమ్మ.

"హాస్టల్లో కుక్కర్ ఆవిరి కొట్టింది."

"విప్పు, చూస్తా."

"డాక్టరు విప్పొద్దన్నాడు."

అంతే. ఎంత హాయిగా అయిపోయిందో. మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి హాయి అనుభవించే ఉంటారు, కాబట్టి తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు.

కర్నూలులో వారమంతా తేలు గాలి పీల్చుకునేది. శనివారం బస్సులో దానికి కట్టు కట్టేదాన్ని. అమ్మ కలబంద గుజ్జు తీసేది, తేనె తెచ్చేది. నేను గదిలోకి పోయి రాసుకుంటానని చెప్పి తేనె నాకేసేదాన్ని. నాలుగో శనివారం బస్సులో నిద్రపట్టింది. కడప వచ్చిందని ఎవరో లేపితే ఉలిక్కిపడి, పొడుగు చేతుల జాకెట్టు మీదే గబగబా కట్టు కట్టుకుని ఇంటికొచ్చాను.

అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది. "ఎడం చేతికి గదా కాలింది?"

చూసుకుంటే కట్టు కుడిచేతికుంది.

"ఇదీ కాలింది," అన్నాను.

"అదే కుక్కరా?"

"అదే కుక్కరు."

ఆ సాయంత్రం నుంచి నాకు రెండు చేతులకూ కట్లు. అన్నం అమ్మే కలిపి పెట్టింది. జేజి పక్కన కూర్చుని నవ్వు ఆపుకోలేక దగ్గుతుంటే, జేజికీ బాగలేదని అమ్మ మిరియాల కషాయం కాచింది.

అసలు కొంప ఆ మరునాడు అంటుకుంది. శివ వాళ్లమ్మ ఫోన్ చేసింది. మాటల్లో మాటగా అమ్మ చెప్పేసింది. "ఏం జెప్పల్ల వదినా, పిల్ల రెండు చేతులూ కాల్చుకునింది. మూడు వారాలైనా మానల్యా."

ఆమె వెంటనే, "మూడు వారాలైనా మానల్యా? వదినా, పిల్లకు షుగర్ ఏమన్నా ఉందేమో చూపిస్తిరా?" అంది.

మర్నాడు బడికి సెలవు పెట్టించి, పరగడుపున నన్ను ల్యాబుకు తీసుకుపోయారు. రక్తం తీసే అమ్మాయి ఎడమచెయ్యి చాపమంటే కుడిచెయ్యి చాపాను, అదీ విప్పితే గుట్టు బయటపడుతుందని చివరికి వేలు చాపాను. షుగర్ లేదని రిపోర్టు వచ్చింది. అమ్మ దాన్ని బద్వేలుకు వాట్సాప్‌లో పంపింది. అక్కడి నుంచి శివ వాళ్ల పెద్దమ్మ కబురు ఇంకోలాగా వచ్చింది. "షుగర్ లేకపోతే పుండ్లు ఎందుకు మానవు? వాళ్లు ఏందో దాస్తాండారు."

అదొక్కటే నిజం. దాస్తున్నదే.

ఆ వచ్చే ఆదివారం బద్వేలు నుంచి ముగ్గురు దిగారు. కాబోయే అత్త, ఆ పెద్దమ్మ, వెనక సంచి మోస్తూ శివ. సంచిలో కాలిన పుండ్లకు ఎవరో కాచిన నూనె. మా అత్త నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని, కుడిచేతి కట్టు మెల్లగా, నొప్పి పుట్టకుండా ఊదుకుంటూ విప్పింది. ఆమె ఊదుతుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. నాలుగు వారాలుగా ఎవరెవరికి ఎంత దిగులు పెట్టానో అప్పుడు తెలిసింది.

కుడిచెయ్యి నున్నగా ఉంది. ఎడమచేతి కట్టు విప్పారు.

పెద్దమ్మ రెండడుగులు వెనక్కి వేసి చెప్పు చేతికి తీసుకుంది. "కదలొద్దు పాపా, తేలు," అంది.

"బొమ్మ పెద్దమ్మా," అన్నాడు శివ.

అప్పుడు మొదలైంది. అమ్మ తలపట్టుకుని గోడకు ఆనుకుంది. పెద్దమ్మ చెప్పు కింద పెట్టి, "ఆడపిల్లకు తేలేంది, రౌడీ మాదిరి. షుగరైనా బాగుండె. మందన్నా ఉంటాది," అంది.

జేజి తన చెయ్యి చాపింది. "నాకూ ఉండాదమ్మా. నేను రౌడీనా?"

"అది పచ్చబొట్టు అవ్వా. ఇది టాటూ," అంది పెద్దమ్మ.

"తేడా ఏంది?"

పెద్దమ్మ ఆలోచించింది. "మీరు ముసిలోళ్లు," అంది.

మా అత్త మాత్రం చాలాసేపు నా చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చుంది. "జబ్బేమీ లేదు గదా?" అంది.

"లేదత్తా. భయపడి చెప్పినా."

"అయితే సరే. పత్రికలు పంచేసినాం, పెండ్లి ఆగేది లేదు. కట్టు మాత్రం పెండ్లయ్యేదాకా అట్లే ఉండనీ. ఊర్లో వాళ్లతో నేను పడలేను."

"కట్టుంటే షుగరని అనుకుంటారు గదత్తా."

"అనుకోనీ. షుగర్ ఎవురికి లేదు? మా ఇంట్లోనే నలుగురికి ఉండాది. తేలు ఎవురికి ఉండాది?"

పెద్దలంతా తలూపారు. పోతూ పోతూ శివ గుమ్మం దగ్గర ఆగి, "శానా నొప్పి పుట్టిందా?" అని అడిగాడు. అవునన్నాను. "కొండి బాగా లేసింది," అని చెప్పి బస్సుకు పరుగెత్తాడు. ఈయనతో బతకొచ్చని నాకు అప్పుడే అనిపించింది.

నా పెళ్లి ఫోటోలన్నిటిలో ఎడమచేతికి పసుపు రాసిన కట్టు ఉంటుంది. తలంబ్రాలు పోసే ఫోటోలో అయితే యుద్ధం నుంచి నేరుగా పీటలమీదికి వచ్చినట్టున్నాను.

ఇదంతా జరిగి ఆరేళ్లయింది. కట్టు ఎప్పుడో పోయింది. తేలును బద్వేలంతా చూసింది, రెండు రోజులు మాట్లాడుకుంది, మర్చిపోయింది. పెద్దమ్మ మనవరాలే మొన్న భుజంమీద గులాబీ వేయించుకుంది. షుగర్ను మాత్రం ఎవరూ మర్చిపోలేదు. ఏ శుభకార్యానికి పోయినా నా ఆకులో ఓళిగ, అదే బొబ్బట్టు, పడదు. వడ్డించేవాళ్లు నన్ను చూడగానే జాలిగా పక్కకు జరిగి, లోపల్నుంచి ప్రత్యేకంగా రాగి సంగటి తెప్పిస్తారు. చక్కెర లేని టీ ఇస్తారు. ముసలమ్మలు తమ రిపోర్టులు తెచ్చి నాకు చూపించి, "చిన్న వయసులోనే వచ్చినా ఎట్ల కట్టడి చేసుకున్యావు తల్లీ" అంటారు. నేను రోజూ నడవమని చెప్తాను. వాళ్లకు తగ్గుతోందట కూడా. శివ మాత్రం ఎవరూ చూడనప్పుడు తన టీ గ్లాసు నా ముందుకు జరిపి, నా చప్పిడి టీ తాను తాగుతాడు.

అందువల్ల ఈ రాతమూలంగా అందరికీ తెలియజేస్తూ ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ కాలని చేతికి కట్టు కట్టను, పాపం ఏ కుక్కరుమీదా నింద వెయ్యను. టాటూ ఇంకొకటి వేయించుకోనని మాత్రం ప్రమాణం చెయ్యలేను. వేయించుకోవాలనే ఉంది. ఈసారి బొమ్మ వద్దు, వడ్డించేవాళ్లకు దూరం నుంచి కనపడేటట్టు పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క ముక్క చాలు. "ఓళిగ వెయ్యండి."