జీవానందం గారికి గిట్టని నీడ

జీవానందం గారికి నీడంటే పడదు. చీకటితో ఆయనకు పేచీ లేదు. పట్టపగలు, భవానీపూర్‌లోని తెలుగు చర్చి మేడ మీద, ఎనిమిది సోలార్ ప్యానెళ్లలో ఏ ఒక్కదాని మీదైనా జానెడు నీడ పడిందా, ఆయనకు బీపీ పెరుగుతుంది. రేవులో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి కదా అని కమిటీ ఆయనకు మేడ తాళం ఇచ్చింది. ఇచ్చిన మర్నాటి నుంచీ విచారపడుతోంది.

స్త్రీల సమాజం కార్యదర్శి విజయ కుమారికి ఆయనతో తొలి తగాదా చీర దగ్గర వచ్చింది. మేడ మీద ఆమె ఆరేసిన చీరను ఆయన తడిగానే మడతపెట్టి ఇంటికి తెచ్చిచ్చాడు.

"ఇంకా ఆరలేదు కదండీ!"

"చీర రేపైనా ఆర్తాదమ్మా. ఈవేళ పోయిన ఎండ రేపొస్తాదేటి?"

"నీడ పడింది ఒక్కదాని మీద, అదీ ఓ మూల. మిగతా ఏడూ లేవూ?"

"అక్కడే ఉంది తిరకాసు. ఎనిమిదీ ఒకే వరసలో కలిపినారు. ఓడ కాడ బస్తాలు చేతులు మారతంటే నడిమద్దెన ఒకడు కునికాడనుకోండి, ఏటవుద్ది? ఎనకోళ్లందరూ ఆగిపోవాల."

ఆ తర్వాత మేడ మీద గొడుగులు నిషిద్ధమయ్యాయి. పక్కింటి బెంగాలీ కుర్రవాళ్లు గాలిపటం ఎగరేస్తే "దాదా, ఏక్‌టు సరాన్!" అని కేకలేసేవాడు. గాలిలో ఎక్కడికి జరపాలో వాళ్లకు తెలిసేది కాదు. తన నీడ కూడా పడకూడదని ఆయన ప్యానెళ్ల ముందు నడుం వంచుకుని, దొంగలా నడిచేవాడు.

ఒక ఆదివారం పాస్టరు గారినే పట్టుకున్నాడు.

"వందనాలు అయ్యగారూ. శిఖరమ్మీది సిలువని అడుగున్నర పక్కకి జరపొచ్చా?"

"ఎందుకు నాయనా?"

"మూడు గంటలకి ఏడో ప్యానెల్ మీద పడతంది."

అయ్యగారు ప్రార్థన చేసి చెబుతానన్నారు. ఇంకా ప్రార్థనలోనే ఉన్నారు.

మేడ మీదే రేకుల గదిలో తవిటమ్మ ఉంటుంది. నలభై ఏళ్లు చర్చి ఊడ్చిన శ్రీకాకుళం ముసలావిడ. గుమ్మం ముందు ఎండకు అడ్డంగా టార్పాలిన్ కట్టుకుంది. మధ్యాహ్నం నుంచి దాని నీడ ఎనిమిదో ప్యానెల్ మీద పడుతోందని జీవానందం గారే కమిటీకి రాసిచ్చాడు.

కమిటీ పదకొండు మంది ఫ్యాన్ల కింద కూర్చుని ఆలోచించారు. మేడెక్కి చూద్దామని ఒక్కరూ అనలేదు.

"కరెంటు దేవుడిచ్చింది. సోమవారానికల్లా టార్పాలిన్ తీసెయ్యాలి," అన్నాడు అధ్యక్షుడు ఫెలిక్స్.

"వైశాఖం ఎండలండీ. ఆ రేకుల కింద ఆవిడ బతుకుతుందా?" అంది విజయ కుమారి.

"మీ బాధ మినిట్స్‌లో రాసుకుంటాం సిస్టర్."

జీవానందం గారు ఫెలిక్స్ మాటకు తలూపాడు. ఆయన మీద విజయ కుమారికి అంత కోపం చీరప్పుడు కూడా రాలేదు.

సోమవారం మధ్యాహ్నం, నాలుగు మాటలతో ఆయన్ని కడిగేద్దామని ఆమె మేడెక్కింది. టార్పాలిన్ లేదు. తీరా చూస్తే ఎనిమిదో ప్యానెల్ కూడా దాని చోట లేదు. అది తవిటమ్మ గుమ్మం ముందు నాలుగు ఇనప కాళ్ల మీద, మనిషి ఎత్తుకు పైన, ఏటవాలుగా పందిరిలా నిలబడి ఉంది. దాని కింద తవిటమ్మ కాళ్లు చాపుకుని తోటకూర బాగుచేసుకుంటోంది.

"ఇదేంటండీ?"

జీవానందం గారు చెమట తుడుచుకున్నాడు. "ప్యానెల్ మీద నీడుండకూడదన్నారు, లేదు. ఇప్పుడు ఎనిమిదీ పనిచేస్తన్నాయి."

"మూడ్రోజుల్నుంచి కొలతలు తీసినాడమ్మా," అంది తవిటమ్మ. "నాను కూకునే సోటు సూసి మరీ బిగించినాడు."

"ఈ ఇనుమంతా ఎక్కడిది?"

"మా ఇంట్లో పాత మంచం. మా ఆవిడ రేబెకాకి ఇంకా తెలీదు," అన్నాడాయన, గొంతు తగ్గించి.

విజయ కుమారికి సిగ్గేసింది. ఈ మనిషినా తాను వారమంతా తిట్టుకున్నది! ఆ మంచం కాళ్లనే చూస్తూ ఎండలో అలాగే నిలబడిపోయింది.

జీవానందం గారు ఆమెను ఎగాదిగా చూసి విసుక్కున్నాడు.

"అక్కడ నిల్చుని మాడిపోతారేటమ్మా? నీడలోకి రండి!"