చేతిలో మిగిలిన అక్షరాలు

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంటే నందిగామలో బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగడమే. అక్కడ మా తాతయ్య ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. జీతం లేదు గానీ హోదా బాగానే ఉండేది. మా తాతయ్యకీ, ఆయన కొడుకైన మా చిన్న మావయ్యకీ మాటల్లేవు కాబట్టి ఒకరి మాట ఇంకొకరికి నేను అందించాలి.

ఇద్దరూ ఒకే వరండాలో ఎదురెదురుగా కూర్చునేవారు. పడక కుర్చీలోంచి తాతయ్య, "మీ మావయ్యని మాత్ర వేసుకోమను" అనేవారు. చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్న మావయ్య, "వేసుకున్నానని చెప్పవే మీ తాతయ్యకి" అనేవాడు. మధ్యలో నిలబడి నేను రెండు మాటలూ మళ్ళీ చెప్పేదాన్ని. ఇద్దరూ అప్పుడే విన్నట్టు తల ఊపేవారు. ఇంట్లో ఎవరికీ ఇది వింతగా తోచేది కాదు. అలకలున్న ఇళ్ళల్లో పిల్లలకి ఇలాంటి పనులు మామూలే.

సంగతేమిటంటే, తాతయ్య హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా చేసి దిగిపోయిన మనిషి. చదువు మధ్యలో ఆపేసి చిల్లకల్లు దగ్గర లారీ ఆఫీసులో చేరిన కొడుకుని ఆయన తిట్టలేదు, కొట్టలేదు. మాట్లాడడం మానేశారంతే. మళ్ళీ మొదలుపెట్టడానికి తగిన సందర్భం రావాలని చూశారనుకుంటాను. సందర్భం రాలేదు గానీ మావయ్యకి జబ్బు వచ్చింది. ఉద్యోగం వదిలేసి ఇంటికి చేరాడు. మూత్రపిండాలు పాడయ్యాయని పెద్దవాళ్ళకి తెలుసు. నాకు మాత్రం "కాస్త నీరసం" అని చెప్పారు. మరి కాళ్ళెందుకు వాచాయని అడిగితే, ఎండలకి అన్నారు.

పగలంతా మావయ్యా నేనూ ఇంగ్లీషు అక్షరాల ఆట ఆడేవాళ్ళం. ఎవరో లారీ డ్రైవరు హైదరాబాద్ నుంచి తెచ్చిచ్చిన గళ్ళ అట్ట, ఒక సంచీ నిండా ప్లాస్టిక్ అక్షరాలు. పోయిన అక్షరాల బదులు క్యాలెండర్ అట్ట కత్తిరించి పెన్నుతో రాసుకున్నాం. గళ్ళలో మాటలు పేర్చాలి. అక్షరాన్ని బట్టి మార్కులు. ఎ, ఇ లాంటివి ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, కాబట్టి వాటికి విలువ లేదు. క్యూ, జెడ్, ఎక్స్, జె లకే గౌరవం. అవి చేతికొస్తే నేను పెట్టేదాన్ని కాదు, దాచుకునేదాన్ని. క్యూ, జెడ్ రెండూ కలిసొచ్చే మాట క్వార్ట్జ్ అని తాతయ్య నేర్పారు. మా వైపు సున్నపురాయి తప్ప ఆ రాయి నేనెక్కడా చూడలేదు గానీ, ఎప్పటికైనా అట్ట మీద దాన్ని పేర్చి అందరి నోళ్ళూ మూయించాలని ఉండేది.

మావయ్య పద్ధతి వేరు. ఎక్స్ రాగానే ఆక్స్, ఫాక్స్, బాక్స్, ఏది కుదిరితే అది పెట్టేసేవాడు. జె వస్తే జామ్, జార్. జెడ్ వస్తే జూ, జిప్.

"ఇవేం మాటలు మావయ్యా, రెండో తరగతి పిల్లలు పెడతారు" అని వెక్కిరించేదాన్ని.

"పెడతారుగా. నువ్వు పెట్టట్లేదుగా" అనేవాడు.

ఆటలో ఒక నియమం ఉంది. సంచీ ఖాళీ అయ్యాక ఎవరు ముందు చెయ్యి ఖాళీ చేస్తే ఆట వాళ్ళతో ఆఖరు. అవతలివాళ్ళ చేతిలో మిగిలిన అక్షరాల విలువ వాళ్ళ మార్కుల్లోంచి తీసేస్తారు. గొప్ప అక్షరాలతో నేను గొప్పగా ఓడిపోయేదాన్ని.

ఒకరోజు చూస్తూ ఊరుకోవడం తాతయ్య వల్ల కాలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని నా పక్షాన చేరారు. కొడుకుతో మాట్లాడకుండానే కొడుకుతో ఆడొచ్చని ఆయనకి అప్పుడే తోచినట్టుంది. మా చేతిలో క్యూ, ఎక్స్ రెండూ పడ్డాయి. ఆయన మొహం వెలిగిపోయింది. "క్విక్సాటిక్" అని ఆ రెండూ ఉన్న ఎనిమిదక్షరాల మాట నా చెవిలో చెప్పి, తగిన చోటు దొరికేదాకా ఆగమన్నారు.

"త్వరగా కానివ్వమనవే, నడుం లాగేస్తోంది" అన్నాడు మావయ్య.

"తొందరపడితే ఎలాగని చెప్పు మీ మావయ్యకి."

మావయ్య కప్ పెట్టాడు. తర్వాత సన్ పెట్టాడు. మేం ఆగాం. చివరికి ఏదో రెండక్షరాల మాట పెట్టి, ఖాళీ చేతులు చూపించాడు.

"అయిపోయిందే కోడలు పిల్లా. చేతిలోవి తీసెయ్యమను." అని, ఈసారి నా వైపు కాక తాతయ్య వైపు చూస్తూ అన్నాడు, "అంత పెద్ద మాటకి చోటెక్కడుందో అడుగు. ఉన్నది ఈ కాస్త అట్టే."

నేను నా ఉద్యోగధర్మం ప్రకారం తాతయ్య వైపు తిరిగాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"విన్నా" అన్నారు.

నేను చెప్పకముందే వినపడిందని ఆయన ఒప్పుకోవడం అదే మొదలు.

మర్నాడు పొద్దున మావయ్యని విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి కారొచ్చింది. వెనక సీట్లో దిళ్ళు పెట్టి కూర్చోబెట్టారు. తాతయ్య కండువా సర్దుకుంటూ వచ్చి కారు పక్కన నిలబడ్డారు. అలవాటు ప్రకారం నన్ను పిలిచి, "మీ మావయ్యని..." అని ఆగిపోయారు. ఇన్నేళ్ళకి సరిపడా వాక్యమేదో లోపల కూడబలుక్కుంటున్నట్టున్నారు. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. తాతయ్య గబుక్కున వంగి, కిటికీలో తలపెట్టి అడిగారు.

"మజ్జిగ తాగావురా?"

మంచినీళ్ళు కూడా కొలిచి ఇవ్వాలని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు. మావయ్య మజ్జిగ ముట్టుకోవడం మానేసి చాలా రోజులైంది. ఆ సంగతి తాతయ్యకీ తెలుసు.

"తాగా నాన్నా" అన్నాడు మావయ్య.

కారు కదిలింది. నాకు చెయ్యడానికి పనేమీ లేకపోయింది.

వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోగా నేను విన్నది అంతే. తర్వాత బయల్దేరిన తాతయ్య విజయవాడ చేరేసరికి మావయ్య మాట్లాడే స్థితిలో లేడు. కొన్నాళ్ళకి ఇంటికి తీసుకొచ్చారు గానీ, దాన్ని రావడం అనకూడదు.

కర్మకాండలు ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చున్న తాతయ్య ఉన్నట్టుండి, "మీ మావయ్యకి చెప్పు" అన్నారు. నేనూ అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాను. మావయ్య కూర్చునే వైపు తిరిగాను. కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ కూర్చున్నాను.

ఇప్పుడు నాకు ఆనాటి తాతయ్య వయసు. ఇంట్లో ఎవరితోనైనా మాటపట్టింపు వస్తే పొద్దుగూకేలోపు నేనే వెళ్ళి ఏదో ఒకటి అడిగేస్తాను. కూరలో ఉప్పు సరిపోయిందా, కరెంటు వచ్చిందా, ఆ తలుపు వేశావా లేదా అని. తప్పెవరిదో తేల్చే పెద్ద మాటలు నాకు చేతకావు. ఈవిడకి బొత్తిగా రోషం లేదని మావాళ్ళు నవ్వుకుంటారు. రోషం లేకేం, ఉంది. అది చల్లారేదాకా ఎదుటి మనిషి ఉంటాడన్న ధీమాయే లేదు.