టేపక్క కొన్న ఏడు కిటికీల ఇల్లు

ఆమె అసలు పేరు పాసుపుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనపడదు. కొలతల టేపు ఎప్పుడూ మెడలో వేలాడుతుంటుంది కాబట్టి చిన్నాపెద్దా అందరికీ ఆమె టేపక్కే. ఇళ్లకు కర్టెన్లు కుట్టివ్వడం ఆ భార్యాభర్తల పని. కొలతలు ఆమెవి, కత్తెర భర్తది. ఇరవై ఏళ్లుగా నలుగురి ఇళ్లలోకీ వెళ్లి కిటికీలు కొలిచీ కొలిచీ, ఏ గోడ చెమ్మ తాగిందో, ఏ తలుపు వానల్లో బిగుసుకుపోతుందో గుమ్మంలో నిలబడే చెప్పేసేంత చూపు వచ్చింది ఆమెకు.

ఎనిమిదేళ్ల కిందట కర్టెన్లకు అడ్వాన్సు ఇచ్చిన ఒకావిడ వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఇల్లు వేలానికి పోతోంది, ఇంక కర్టెన్లెందుకు అని డబ్బు వెనక్కి అడిగింది. టేపక్క డబ్బిచ్చేసింది గానీ, ఆవిడ మొహం మాత్రం కళ్లముందు నుంచి పోలేదు. ఆ ఇల్లు వేలంలో కారుచౌకగా పోయిందనీ, అప్పు తీరగా ఆవిడకు చిల్లిగవ్వ మిగల్లేదనీ తర్వాత తెలిసింది. నెల ముందే ఎవరైనా సరైన ధర ఇచ్చి కొనుంటే బ్యాంకు బాకీ తీరేది, ఆవిడ చేతిలో నాలుగు డబ్బులుండేవి, కొన్నవాళ్లకీ ఎంతో కొంత మిగిలేది కదా అని టేపక్క మరిది దగ్గర అంది. మరిది ఎలక్ట్రీషియన్. ఆ కొనేదేదో మనమే కొంటే పోలా వదినా అన్నాడు.

ఉన్నదంతా ఊడ్చి ఇద్దరూ కలిసి మొదటి ఇల్లు అలా కొన్నారు. బ్యాంకును ఒప్పించి బాకీ నేరుగా అక్కడే కట్టేయడం, మిగతాది ఇంటివాళ్ల చేతిలో పెట్టడం, చిన్నాచితకా మరమ్మతులు చేయించి అమ్ముకోవడం, ఇదీ వాళ్ల పద్ధతి. ఏడాదికి ఒకటి, మరీ కుదిరితే రెండు. దానికి మించి వాళ్లకు తాహతూ లేదు, ఆశా లేదు.

ఈ ఏడు కిటికీల ఇల్లు ఆమె పేపర్లో వేలం ప్రకటన చూసి వెతుక్కుంటూ వెళ్లింది. ఇంటాయనది ప్రింటింగ్ ప్రెస్సు. కొత్త మిషను కోసం ఇల్లు తాకట్టు పెట్టాడు. మిషను వచ్చింది గానీ పని రాలేదు. వేలానికి ఇంకా ఇరవై మూడు రోజులుంది. మధ్యాహ్నం మూడున్నరకు టేపక్క గేటు ముందు నిలబడి, అలవాటు కొద్దీ ప్రహరీ వెడల్పు టేపుతో కొలుచుకుని, తర్వాత బెల్లు కొట్టింది.

తలుపు తీసినావిడ ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగి. తెల్లారి ఆరింటికి వెళ్లి రెండింటికి తిరిగొస్తుంది. తడిచేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ ముందు టేపు వైపు చూసింది, తర్వాత ఆమె మొహం వైపు.

"కర్టెన్లకా? మా ఆయన పంపించారా? నెలరోజుల్నించి చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాను, ఇప్పటికి కదిలారన్న మాట. రండి, రండి."

వేలం సంగతి ఆవిడకు ఏమీ తెలియదని టేపక్కకు ఆ ఒక్క క్షణంలోనే అర్థమైంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు వదిలేసి, ఔనండీ అని లోపలికి నడిచింది.

ఏడు కిటికీలూ కొలిచింది. ఒక్కో గదిలో ఆవిడ ఒక్కో ముచ్చట చెప్పింది. వెనక గదిలో కిటికీ కింద బల్ల వేయించి రిటైరయ్యాక అక్కడే కూర్చుని పుస్తకాలు చదువుకుంటుందట. పేపరు మటుకు ఈమధ్య రావడం లేదని, ఎవరూ చదవట్లేదని ఆయనే మాన్పించేశాడని నవ్వింది. ఆ పేపరు ఎందుకు మాన్పించాడో టేపక్కకు తెలుసు. అంకెలు రాసుకుంటూ ఒక కొలత రెండుసార్లు రాసుకుంది.

అంతలో ఇంటాయన వచ్చాడు. కర్టెన్లావిడ వచ్చిందని భార్య సంబరంగా చెబుతుంటే ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. టేపక్క సెలవు తీసుకుని బయటికొచ్చింది. ఆయన సాగనంపే నెపంతో వెంట వచ్చి, గేటు బయట స్కూటరు పక్కన నిలబడ్డాడు. వేలం ప్రకటన చూసి ఇల్లు కొనడానికి వచ్చానని టేపక్క చెప్పింది. అప్పు తీసుకున్నప్పుడు భార్య కూడా సంతకం పెట్టిందనీ, వాయిదాలు ఆగి పదకొండు నెలలైన సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదనీ నీళ్లు నములుతూ చెప్పాడు. నోటీసులు పోస్టుమాన్ దగ్గర తనే తీసుకునేవాడు. గేటుకు అంటించినదాన్ని ఆమె ల్యాబు నుంచి వచ్చేలోపు చింపేశాడు.

"మీరే కొంటే మంచిదేనమ్మా. కాకపోతే ఆమెకి నేను మెల్లిగా చెప్పుకుంటాను. కాస్త టైమివ్వండి."

"టైము నా చేతిలో లేదండీ, బ్యాంకు చేతిలో ఉంది. ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది. ఆవిడ సంతకం పెట్టాలి. పెన్ను చేతికిచ్చి అప్పుడు చెప్తారా?" అంది టేపక్క. "ముందు చెప్పండి. తర్వాతే నాకు ఫోన్ చెయ్యండి."

మరిదికి ఇది నచ్చలేదు. ఈలోపు ఇంకెవడో వచ్చి ఎగరేసుకుపోతాడు, ఆయనతో అయినా ఒప్పందం రాయించుకోవాల్సింది అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. నాలుగు రోజులు గడిచాయి, ఐదూ గడిచాయి. ఆ ఇల్లాలికి అబద్ధం చెప్పి వచ్చానే అన్నది అన్నం ముందు కూర్చున్నా, కుట్టుమిషను ముందు కూర్చున్నా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఆరో రోజు ఫోన్ మోగింది. ల్యాబు ఆవిడ.

"కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టారా?"

"లేదమ్మా," అంది టేపక్క.

"మొదలుపెట్టరని తెలిసింది లెండి. రేపు మూడింటికి రండి."

మర్నాడు బల్ల మీద కాగితాలన్నీ తారీకుల వారీగా పేర్చి ఉన్నాయి. ఆయన ఒక మూల కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. ఆయన ఆ సంగతి బస్టాపులో చెప్పాడట, నలుగురిలో అయితే అరవదని. ఆవిడ నిజంగానే అరవలేదు. వచ్చిన బస్సెక్కి వెళ్లిపోయి, ఆ రోజు నలభై మందికి రక్తం తీసి, ఇంటికొచ్చి కాగితాలన్నీ బయట పెట్టమంది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

"మీరు నాకు అబద్ధం చెప్పారు," అంది టేపక్కతో.

"చెప్పానమ్మా. ఆ మాట మీరు నా నోటి నుంచి వినకూడదనిపించింది. తప్పే."

ఆవిడ కాగితాలు ఆమె వైపు జరిపింది. "ఆ రోజే చెప్పుంటే మిమ్మల్ని గెంటేసేదాన్ని. ఆయన్నీ గెంటేసేదాన్నేమో. సరే, ఇప్పుడు చెప్పండి. ఈ ఇంటి మీద మీకెంత మిగులుతుంది?"

ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. టేపక్క దాచకుండా చెప్పింది. ఆవిడ అందులో మూడో వంతు తగ్గించుకుని తమకిమ్మంది. ఖాళీ చేయడానికి రెండు నెలలు గడువు కావాలంది. మరిది వింటే గుండె బాదుకుంటాడని తెలిసి కూడా టేపక్క తలూపింది. బ్యాంకు వాళ్లు వేలానికి నాలుగు రోజుల ముందు ఒప్పుకుంటూ కాగితం ఇచ్చారు. సంతకాలప్పుడు ఆయన చెయ్యి ఆగితే, ఆవిడ ఇక్కడ అని వేలు పెట్టి చూపించింది. మిగిలిన డబ్బుతో ఆస్పత్రికి దగ్గరలో రెండు గదుల అద్దె ఇంట్లో చేరారు. ఆయన ప్రెస్సు అమ్మేసి, వేరేవాళ్ల ప్రెస్సులో పనికి కుదిరాడు.

ఆ ఇల్లు టేపక్కకు పెద్దగా కలిసి రాలేదు. వెనక గోడ లోపలంతా చెమ్మ. అంత చూపున్న మనిషికీ ఆ రోజు అది కనపడలేదు. బాగు చేయించి అమ్మేసరికి పది నెలలు పట్టింది. మరిదికి పెట్టిన శ్రమకు కూలి గిట్టిందంతే. అతను చాలా రోజులు ఆ ఇంటి మాట ఎత్తితే చాలు మూతి ముడుచుకునేవాడు. ఆ తర్వాత నుంచి ఏ ఇంటికి వెళ్లినా టేపక్క గేటు దగ్గరే ఇంటివాళ్లిద్దరూ ఉన్నారా అని అడుగుతుంది. ఒక్కరే ఉంటే ఇంకోసారి వస్తానని తిరిగొచ్చేస్తుంది. దానివల్ల రెండు బేరాలు పోయాయి కూడా.

ఏడాదిన్నర తర్వాత షుగరు పరీక్షకని టేపక్క ఆస్పత్రి ల్యాబుకు వెళ్తే, సూది పట్టుకుని ఎదురుగా ఆవిడే కూర్చుని ఉంది. ఇద్దరూ ఒక క్షణం తడబడ్డారు. ఆవిడ చెయ్యి చాపమని, నొప్పి తెలీకుండా రక్తం తీసి, దూది అదిమి పట్టింది. ఆయన బాగానే ఉన్నాడంది. అంతకుమించి ఆ ఊసు ఎత్తలేదు. వెళ్లబోతుంటే మళ్లీ పిలిచింది.

"మా ఆస్పత్రిలో ఒక నర్సుంది. ఆమెకీ మొన్న నోటీసొచ్చింది. భయపడి ఎవరికీ చెప్పలేదు, నాకు చెప్పింది. మీరొకసారి మాట్లాడతారా?"

టేపక్క ఆ సాయంత్రమే మాట్లాడింది. కాగితాలు చూస్తే ఆగింది మూడు వాయిదాలే. ఇల్లు అమ్మాల్సిన పనేం లేదు, బ్యాంకుకు వెళ్లి గడువు అడగమని, ఏం చెప్పాలో, ఏ కాగితాలు తీసుకెళ్లాలో రాసిచ్చింది. గడువు దొరికింది. ఇల్లు నర్సుకే ఉంది. ఇలా అయితే మనం వ్యాపారం చేసినట్టే అని మరిది గొణిగాడు. ఆ నెలలో నర్సు వాళ్ల వీధిలోనే ముగ్గురు కర్టెన్లకు కబురు పెట్టారు. టేపక్క భర్త కత్తెరకు సాన పట్టించుకొచ్చాడు.