స్కానింగ్ బల్ల మీద మా వదిన

మా ఆడబిడ్డ, నేను వదినా అని పిలిచే మనిషి, పోయిన శుక్రవారం నిద్రలోనే చనిపోయింది. నాకింకా ఏడుపు రాలేదు. వండుతున్నాను, తింటున్నాను. ఆమె గదిలోకి వెళ్లి, ఎందుకొచ్చానో తెలియక తిరిగొస్తున్నాను. మీకు ఆమె గురించి చెబితేనైనా ఏమన్నా కదులుతుందేమో చూడాలి.

ఆమెది బోదకాలు. పటాన్‌చెరులో మా కిరాయి ఇంట్లో మాతోనే ఉండేది. రోజూ సాయంత్రం తలుపేసుకుని ఆ కాలిని సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో పాత చీర గుడ్డతో అద్దుకునేది. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. చుట్టాలొస్తే కాళ్ల మీద దుప్పటి కప్పుకునేది. మేము మోకాళ్ల నొప్పులని చెప్పేవాళ్లం.

మా పాప బడిలో పిల్లలకు బోదకాలు పురుగుల కోసం రక్తం పరీక్ష చేసి, కొందరిని స్కానింగుకు రమ్మన్నారు. అందులో మా పాప ఉంది. మా ఆయన వద్దన్నాడు.

"ఆడపిల్లకు స్కానింగ్ ఏంది? నలుగురు ఏమనుకుంటరు? రేపు సంబంధాలొస్తయా?"

నాకూ అదే భయం. వదిన చెప్పులేసుకుంది.

"పాపను నేను తోల్కపోత. వస్తె నువ్వు గూడ రా, పిల్లా."

బడిలో ఒక గదికి పరదా కట్టారు. తల్లులు పిల్లల్ని పట్టుకుని గోడవారగా నిలబడ్డారు గానీ ఎవరూ ముందుకు పోవడం లేదు. వదిన పోయి బల్లెక్కి, పరదా వేయనీయకుండా, చీర మోకాలిదాకా జరిపింది.

"ముందు నాకు చెయ్యుండ్రి డాక్టరమ్మా. ఇది కడుపు సూసే స్కానింగ్ కాదని వీళ్లకు తెల్వాలె."

ఇన్నాళ్లు దాచింది బజార్ల పెట్టిందని నాకు కోపమొచ్చింది.

తెర మీద ఆమె కాలిలో ఏమీ కదల్లేదు. పురుగులు ఎప్పుడో చచ్చాయనీ వాపు మాత్రం మిగిలిందనీ డాక్టరమ్మ చెప్పింది. తర్వాత పాప వంతు. తెర మీద సన్నటి దారాల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి. నేను పాపను బల్ల మీంచి దింపబోయాను. వదిన మాత్రం నవ్వింది.

"ఎందుకు నవ్వుతున్నవ్ వదినా?"

"కనబడ్డది గద. కనబడితే పట్టుకోవచ్చు. నా చిన్నప్పుడు ఎవ్వలకూ కనబడలే."

మందులు వాడాక చేసిన స్కానింగులో ఆ మెలికలు లేవు. పాప ఇప్పుడు బడిలో కబడ్డీ ఆడుతోంది. అదంతా ఆమె పుణ్యమే.

శుక్రవారం ఆమెకు ఆఖరి స్నానం చేయించేటప్పుడు ఆ కాలిని మొదటిసారి ముట్టుకున్నాను. జల్దీ కానియ్యమని ఎవరో అంటున్నారు. గిన్నె తోమినట్టు గబగబా రుద్దుతున్నాను. నీళ్లు పోస్తున్న పాప చెంబు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"మెల్లగ, అమ్మా. అత్తకు నొస్తది."